ఏడున్నర నెలల తేడా

"ఆ కార్డు ఈ ఇంట్లోనే ఉంది. నా చేత్తో నేనే దాచాను," అంటూ రత్నమాణిక్యం మూడో ట్రంకుపెట్టె కూడా బోర్లించేసింది.

పాత చీరలు, కూతురు పావని చదువుకున్న పుస్తకాలు, రేషన్ కార్డు జిరాక్సులు, ఎప్పుడో ఆగిపోయిన గోడ గడియారం గది మధ్యలో కుప్పపడ్డాయి. తెల్లవారింది మొదలు ఆమె వెతుకుతూనే ఉంది. పొయ్యి వెలిగించలేదు. జుట్టు ముడి కూడా వేసుకోలేదు.

భర్త జానకిరామ్ గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు. సాయం పట్టలేదు. వద్దనీ అనలేదు.

"గులాబీరంగు అట్టండి. పైన తల్లీబిడ్డా బొమ్మ. టీకాలు వేసిన నర్సమ్మ పుట్టిన తేదీ నీలం ఇంకుతో రాసింది. ఆగస్టు, వినాయక చవితి మర్నాడు. గోదారి పొంగి లంకలోంచి పడవలు కదలని రోజు. ఆసుపత్రికి తీసుకెళ్ళే దారి లేక మా అమ్మే పురుడు పోసింది. మీకూ గుర్తుండాలి కదా! అలా నిలబడకపోతే ఆ అటక మీద చూడొచ్చుగా!"

రేపు రాజమండ్రిలో పిల్లల కేసులు విచారించే బోర్డు కూర్చుంటుంది. అసలు పుట్టిన తేదీ ఉన్న కాగితం ఒక్కటి, ఏదైనా ఒక్కటి తీసుకురమ్మని లాయరు అబ్రహాముగారు నిన్న ఫోన్‌లో చెప్పారు.

కొడుకు గణేష్‌బాబు బాలనేరస్థుల అబ్జర్వేషన్ హోమ్‌లో చేరి రెండు నెలలు కావస్తోంది. టెన్త్ సర్టిఫికెట్టులో వాడి పుట్టినరోజు జనవరి పన్నెండు. ఆ లెక్కన మొన్న ఏప్రిల్ సాయంత్రం, గోదావరి రేవులో వాడి చేతిలో స్నేహితుడు వీరబాబు చనిపోయేనాటికి, గణేష్‌బాబుకు పదహారేళ్ళు దాటి మూడు నెలలు. తల్లి లెక్కన పదిహేనేళ్ళ ఎనిమిది నెలలు.

మధ్యలో ఉన్నది ఏడున్నర నెలలు. పదహారు నిండనివాడి కేసు బోర్డు గడప దాటదు. మహా అయితే మూడేళ్ళు స్పెషల్ హోమ్‌లో ఉంచుతారు. పదహారు దాటినవాడైతే, అందులోనూ హత్య కేసైతే, వాణ్ణి పెద్దవాళ్ళతో సమానంగా విచారించాలా అని బోర్డు ఆలోచిస్తుంది. ఔననుకుంటే కేసు పై కోర్టుకు పోతుంది. ఆ తర్వాత జైలు. ఇరవై ఆరేళ్ళుగా కోర్టు అటెండరుగా చేస్తున్న జానకిరామ్‌కు ఈ సంగతి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

"మాణిక్యం," అన్నాడు. "ఇక వెతక్కు."

"ఎందుకు వెతకొద్దు?"

"ఆ కార్డు లేదు."

ఆమె తల తిప్పింది. చేతిలో సగం విప్పిన మూట అలాగే ఉండిపోయింది.

"నేనే చించేశాను. వాణ్ణి కాన్వెంటులో వేసిన ఏడాది. చించి నీళ్ళపొయ్యిలో పడేశాను."

ఎదురింటి టీవీలో ఏదో ప్రకటన వస్తోంది. అది అయిపోయి ఇంకోటి మొదలైంది. రత్నమాణిక్యం నేల మీద అలాగే కూలబడింది.

జూన్ ఒకటికి ఐదేళ్ళు నిండాలన్నారు కాన్వెంటువాళ్ళు. దాదాపు మూడు నెలలు తక్కువయ్యాయి. ఆ కాస్తకే పిల్లాడికి ఏడాది వృథా కావడం ఏమిటనిపించింది జానకిరామ్‌కు. నోటరీ కోర్టు ఆవరణలోనే కూర్చుంటాడు. మనవాడేగా అని చదవకుండానే అఫిడవిట్ మీద ముద్ర కొట్టాడు. 'నా కుమారుడు జనవరి పన్నెండున జన్మించినాడని ప్రమాణపూర్వకంగా తెలియజేయడమైనది.' కింద జానకిరామ్ సంతకం. కార్డు మీద ఇంకో తేదీ ఉంటే తర్వాతెప్పుడో తలనొప్పి వస్తుందని ఆ సాయంత్రమే దాన్ని తీసేశాడు. తెలివైన పని చేశాననుకున్నాడు. ఇన్నేళ్ళలో మళ్ళీ దాని ఊసే రాలేదు.

"తెల్లారినప్పట్నుంచి నేను వెతుకుతుంటే చూస్తూ నిలబడ్డారా?" అంది రత్నమాణిక్యం చివరికి.

అతను కిందపడ్డ పుస్తకం ఒకటి తీసి ట్రంకుపెట్టెలో పెట్టాడు.

"మాట్లాడండీ! రెండు నెలలు పోనివ్వండి. ఈ పొద్దున్నైనా చెప్పాలనిపించలేదా?"

"ఎలా చెప్పమంటావు?"

"ఇప్పుడెలా చెప్పారో అలాగే!"

పెరట్లోంచి పావని వచ్చి నిలబడింది. డిగ్రీ ఆఖరు సంవత్సరం చదువుతోంది. ఈ రెండు నెలల్లో కాలేజీకి నాలుగు రోజులు కూడా వెళ్ళలేదు.

"నాన్నా, ఆ అఫిడవిట్ తప్పని మీరే బోర్డు ముందు చెబితే?"

"అబద్ధపు ప్రమాణం చేశానని నా నోటితో నేను ఒప్పుకోవాలి. కోర్టు ఉద్యోగిని. సస్పెండ్ చేస్తారు. కేసు కూడా పెట్టొచ్చు. పోనీ, అంతా అయ్యాక నమ్ముతారని ఏముంది? కొడుకు కోసం తండ్రి చెప్పే మాట ఎవరు నమ్ముతారు?"

"అయితే మీ ఉద్యోగం ముఖ్యమా?" అంది రత్నమాణిక్యం.

"ఆ ఉద్యోగంతోనే ఇన్నాళ్ళూ..."

"వద్దు. ఆ మాట అనకండి. అంటే నేను ఇంకేదైనా అంటాను."

"అమ్మా," అంది పావని మెల్లగా. "వీరబాబు గురించి ఈ ఇంట్లో ఎవరమూ మాట్లాడమా?"

వీరబాబు రేవు దగ్గర చేపలు అమ్మే పాపాయి కొడుకు. ఒకటో తరగతి నుంచి ఈ గుమ్మంలోకి చెప్పులు విడిచి వచ్చినవాడు. 'అత్తా, అన్నం ఉందా' అని అడిగి తిన్నవాడు. ఏప్రిల్లో ఆ సాయంత్రం వాడే ఇంకో ఇద్దరితో కలిసి గణేష్‌బాబును రేవులో చెంపదెబ్బలు కొట్టి, ఆ వీడియో కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఇప్పుడు చెప్పడానికి వాడు లేడు.

పదకొండు గంటలకు ప్రొబేషన్ ఆఫీసర్ క్రిస్టినా వచ్చింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. స్కూటీ గేటు బయట ఆపి, చెప్పులు గుమ్మంలో విడిచి లోపలికి వచ్చింది. గది మధ్యలో ఉన్న కుప్పను చూసింది గానీ ఏమిటని అడగలేదు. పావని కుర్చీ మీది బట్టలు తీసి కూర్చోమంది.

ఆమె రాసే నివేదిక ఎంత బరువైందో జానకిరామ్‌కు తెలుసు. పిల్లవాడిది ఎలాంటి ఇల్లు, ఎలాంటి తల్లిదండ్రులు, ఏ బుద్ధితో ఆ పని చేశాడు అన్నది బోర్డువాళ్ళు ముందు ఆమె కాగితాల్లోనే చదువుతారు. అందుకే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీరు కూర్చోండి జానకిరామ్ గారూ. ఇది మీ ఇల్లు," అందామె.

చదువు ఎలా ఉండేది, స్నేహితులెవరు, ఇంట్లో ఎవరైనా తాగుతారా, ఎవరైనా కొట్టేవారా అని ఒక్కొక్కటే అడిగింది. తొందరపెట్టలేదు. రత్నమాణిక్యం గోడకు ఆనుకుని జవాబులు చెప్పింది. ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల్లో వాడికి వచ్చిన మార్కులు కూడా చెప్పింది.

"ఆ సాయంత్రం గొడవయ్యాక బాబు ఒకసారి ఇంటికి వచ్చి వెళ్ళాడని పోలీసులు రాశారమ్మా. వచ్చాడా?"

"మాణిక్యం, మేడమ్‌గారికి కాఫీ పెట్టు," అన్నాడు జానకిరామ్ గబుక్కున.

ఆమె కదల్లేదు.

"వచ్చాడండి. అప్పుడే దీపం పెట్టాను. చొక్కా చిరిగి ఉంది. ఏంట్రా అంటే పడ్డానన్నాడు. రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగాడు. ఫోన్ చూసుకుంటూ కాసేపు ఆ మంచం మీద కూర్చున్నాడు. తర్వాత పెరట్లోకి వెళ్ళాడు. బొండాలు కొట్టుకునే కత్తి అక్కడే చూరులో ఉంటుందండి. నేను చూడలేదు. అన్నం పెట్టనా అంటే, వచ్చి తింటానన్నాడు. గేటు వేసి మరీ వెళ్ళాడు."

"ఎంతసేపు ఉన్నాడమ్మా?"

"పావుగంట ఉండి ఉంటాడండి."

"కోపంగా ఉన్నాడా?"

రత్నమాణిక్యం ఆ మంచంవైపు చూసింది. "లేడండి. కోపంగా ఉంటే ఆపేదాన్ని కదా!"

క్రిస్టినా రాసుకుంది. పెన్ను కాగితం మీద కదులుతున్నంతసేపూ జానకిరామ్ దాన్నే చూశాడు. ఆ పావుగంట ఎక్కడిదాకా వెళుతుందో ఆ గదిలో అతనికీ, రాస్తున్న ఆమెకీ మాత్రమే తెలుసు.

గేటు దాకా సాగనంపాడు. ఆమె స్కూటీ తాళం చెవి పెట్టి ఆగింది.

"జానకిరామ్ గారూ, నేను ఎవరి తరఫునా రాయనండి. చూసింది, విన్నది రాస్తాను. చేసిన పనికి బాబు బాధపడుతున్నాడన్నది కూడా రాస్తాను. హోమ్‌లో వారం రోజులు అన్నం ముట్టలేదు వాడు. ఇంకేమైనా చెప్పాలనుకుంటే ఇప్పుడు చెప్పండి."

కార్డు సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. వీధిలో ఎవరో తెలిసినాయన సైకిల్ దిగి ఇటే చూస్తున్నాడు.

"ఏం లేదండి," అన్నాడు.

స్కూటీ మలుపు తిరిగిందో లేదో లోపలికి వచ్చి అరిచాడు. "ఎందుకు చెప్పావు అదంతా? వంటింట్లో ఉన్నాను, చూడలేదు అంటే పోయేది కదా!"

"చూశాను కాబట్టి చూశానన్నాను."

"పావుగంట అంటే ఏంటో తెలుసా నీకు? దెబ్బలు తిన్న కోపంలో చేసింది కాదు, ఇంటికొచ్చి, నీళ్ళు తాగి, ఆలోచించుకుని వెళ్ళి చేశాడని. తెలిసి చేశాడని! పెద్దవాడిలా విచారించాలనడానికి వాళ్ళకి ఇంకేం కావాలి?"

రత్నమాణిక్యం చీరలు మడతపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు మడతపెట్టి పక్కన పెట్టింది. "మీరు అబద్ధం రాయించి కొడుకుని పెద్దవాణ్ణి చేశారు. నేను నిజం చెప్పి చేశాను. ఇద్దరం కలిసే చేశాం. ఇప్పుడు నా మీద అరిస్తే ఏం లాభం?"

అతను బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. సాయంత్రం పావని ఉప్మా చేసి మూడు పళ్ళాల్లో పెట్టింది. మూడూ అలాగే ఉండిపోయాయి.

మర్నాడు ఉదయం ముగ్గురూ కొవ్వూరు నుంచి ఆటోలో బయల్దేరారు. వంతెన సగం దాటాక జానకిరామ్ అన్నాడు, "చెబుతాను."

రత్నమాణిక్యం వినిపించుకున్నట్టు లేదు. కాసేపటికి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

బోర్డు వరండాలో అబ్రహాముగారు ఎదురుచూస్తున్నారు. అరవై దాటిన మనిషి. లీగల్ ఎయిడ్ తరఫున పిల్లల కేసులే చూస్తారు. కార్డు సంగతి విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"కాగితం లేకుండా వట్టి నోటి మాట. నిలబడుతుందని నేను చెప్పలేనండి. ఎదురుగా టెన్త్ సర్టిఫికెట్టు ఉంది. పైగా ఒకసారి నోరు విప్పాక మీరు వెనక్కి తీసుకోలేరు. బాగా ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకున్నానండి."

"ఇంటావిడ కూడా చెబుతారా?"

"చెబుతానండి," అంది రత్నమాణిక్యం.

వరండా చివర సిమెంటు బల్ల మీద పాపాయి కూర్చుని ఉంది. ఆమెను ఎవరూ రమ్మనలేదు. అయినా ప్రతి వాయిదాకూ వస్తుంది. ఒక్కతే వస్తుంది, అయిపోయేదాకా కూర్చుని వెళ్ళిపోతుంది. జానకిరామ్ తల వంచుకుని దాటబోయాడు.

"బాబుగారూ," అని పిలిచింది.

ఆగక తప్పలేదు.

"మీ అబ్బాయికి పదహారు నిండాయా లేదా అని లోపల వాదించుకుంటున్నారంట కదండి. లాయరుగారి గుమస్తా చెప్పాడు." ఆమె గొంతులో కోపం లేదు. "మావోడికి ఎన్నేళ్ళో ఎవరూ అడగట్లేదండి."

రత్నమాణిక్యం వచ్చి పాపాయి పక్కన బల్ల మీద కూర్చోబోయింది. పాపాయి లేచి గోడ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

పదిన్నరకు హోమ్ నుంచి గణేష్‌బాబును తీసుకొచ్చారు. వెంట వచ్చిన కానిస్టేబులు యూనిఫాం లేకుండా మామూలు చొక్కా ప్యాంటులో ఉన్నాడు. గణేష్‌బాబు సన్నబడ్డాడు, మెడ పొడుగ్గా కనిపిస్తోంది. తల్లిని చూసి తల దించుకున్నాడు. పాపాయి ఉన్నవైపు చూడనే లేదు. పావని వాడి దగ్గరికి వెళ్ళి రెండు నిమిషాలు మాట్లాడింది. వాడు ఉన్నట్టుండి తల ఎత్తి తండ్రివైపు చూశాడు. పావని చెయ్యి పట్టుకుని ఏదో గట్టిగా అడిగాడు.

"ఏం చెప్పావు వాడికి?" అన్నాడు జానకిరామ్ ఆమె తిరిగి రాగానే.

"నాన్న ఈరోజు నిజం చెబుతున్నారని చెప్పాను. అయితే నాన్నకేమవుతుందని అడిగాడు."

"చెప్పావా?"

"అబద్ధం చెప్పలేకపోయాను నాన్నా."

వాళ్ళ వంతు వచ్చినప్పుడు ఇక్కడ ఎవరూ గుమ్మంలోంచి పేరు పెట్టి కేక వెయ్యలేదు. పిల్లల పేర్లు బయటికి వినిపించకూడదు. ఒకావిడ వచ్చి, "రండి," అని నెమ్మదిగా అంది. ఇరవై ఆరేళ్ళు కోర్టు గుమ్మంలో ముద్దాయిల పేర్లు మూడుసార్లు పిలిచిన జానకిరామ్ ఆ చిన్న మాటకు తడబడి, తలుపు చట్రానికి భుజం కొట్టుకున్నాడు.

గదిలో బోను లేదు. ఎత్తయిన పీఠమూ లేదు. ఒక పొడుగాటి బల్ల, దాని వెనక ముగ్గురు. మధ్యలో మేజిస్ట్రేటుగారు నల్ల గౌను లేకుండా తెల్ల చొక్కాలో కూర్చున్నారు. ఒక పక్క రిటైరైన హెడ్‌మాస్టరు, ఇంకో పక్క నెరిసిన జుట్టు ఉన్న ఒకావిడ. వాళ్ళిద్దరూ బోర్డులో సభ్యులు. గోడవారగా క్రిస్టినా కూర్చుంది. ఆమె నివేదిక అప్పటికే మేజిస్ట్రేటు ముందుంది. కొన్ని వాక్యాల కింద పెన్సిల్‌తో గీతలు గీసి ఉన్నాయి.

అబ్రహాముగారు లేచి వయసు గురించి చెప్పారు. జానకిరామ్ ముందుకు వచ్చాడు. గుమాస్తా ప్రమాణం చదివించాడు. ఎన్ని వేలమంది సాక్షుల చేత తను పలికించాడో ఆ మాటలు, తన నోట పలుకుతుంటే మధ్యలో ఒక మాట మరిచిపోయాడు. గుమాస్తా అందించాడు.

"ఆ అఫిడవిట్ అబద్ధమండి. నేనే రాయించాను. నా కొడుకు పుట్టింది జనవరిలో కాదండి, ఆగస్టులో. చవితి మర్నాడు."

మేజిస్ట్రేటు చాలాసేపు పాత కాగితం జిరాక్సును చూశారు.

"మీరు కోర్టు ఉద్యోగి కదండీ."

"అవునండి."

"ప్రమాణం అంటే ఏమిటో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు."

"అక్కర్లేదండి."

"అప్పుడూ ప్రమాణం చేశారు. ఇప్పుడూ చేశారు. అప్పుడా మాట వల్ల మీ అబ్బాయికి లాభం. ఇప్పుడీ మాట వల్లా మీ అబ్బాయికే లాభం. మేం ఏది నమ్మాలి?"

ఆయన ఎగతాళిగా అనలేదు. నిజంగానే అడిగారు.

"దీనివల్ల నా ఉద్యోగం పోతుందండి," అన్నాడు జానకిరామ్. "అబద్ధమైతే అంత నష్టం ఎందుకు తెచ్చుకుంటాను?"

"కొడుకు కోసం ఏ తండ్రైనా తెచ్చుకుంటాడు."

రత్నమాణిక్యాన్ని కూడా అడిగారు. వరద గురించి, పడవల గురించి, పురుడు పోసిన తల్లి గురించి ఆమె తడుముకోకుండా చెప్పింది. ఆ తల్లి ఇప్పుడు లేదు. టీకాల కార్డు ఏదమ్మా అంటే మాత్రం భర్తవైపు చూసి ఊరుకుంది.

రిటైర్డ్ హెడ్‌మాస్టరు తల అడ్డంగా ఊపారు. అబ్రహాముగారు ఫైలు తాడు చుట్టడం, విప్పడం చేస్తున్నారు. అంతా అయిపోయిందనుకుంటుండగా నెరిసిన జుట్టావిడ ముందుకు వంగింది.

"ఒక్క నిమిషం సార్. కాగితాలు అలా ఉంచండి. బాబూ, నువ్వు చెప్పు. చిన్నప్పట్నుంచి మీ ఇంట్లో నీ పుట్టినరోజు ఎప్పుడు చేస్తారు?"

జానకిరామ్ గుండె ఒక్కసారిగా లేచింది. ఈ ప్రశ్న తనకు తట్టలేదు, అబ్రహాముగారికీ తట్టలేదు. ఏటా చవితి మర్నాడు కొత్త చొక్కా తొడుక్కుని బడికి, ఆ తర్వాత కాలేజీకి వెళ్ళినవాడు. ఆ ఫొటోలు పావని ఫోన్‌లో కూడా ఉండి ఉంటాయి. చెబుతాడు. చెప్పడానికి ఒక్క మాట చాలు. రత్నమాణిక్యం కూడా కుర్చీ అంచుకు జరిగింది.

గణేష్‌బాబు లేచి నిలబడ్డాడు.

"జనవరి పన్నెండున అండి."

"చవితప్పుడు కాదా?"

"కాదండి. నాకు పదహారు దాటాయి. నన్ను తప్పించాలని నాన్న అబద్ధం చెబుతున్నారు."

గొంతు స్థిరంగా ఉంది. బట్టీపట్టిన పాఠం ఒప్పగించినట్టు ఉంది.

"ఒరేయ్ గణేషూ! ఏం మాట్లాడుతున్నావురా!" రత్నమాణిక్యం లేచిపోయింది. క్రిస్టినా వచ్చి ఆమె భుజాలు పట్టుకుంది. అబ్రహాముగారు కళ్ళు మూసుకున్నారు.

"కూర్చోండమ్మా," అన్నారు మేజిస్ట్రేటు. తండ్రివైపు తిరిగారు. "జానకిరామ్ గారూ, మీ ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు. ఆ ఒక్కరు ఎవరో మీకు తెలుసు. మీ అబ్బాయా, మీరా? చెప్పండి, రాసుకుంటాం."

స్టెనో వేళ్ళు కీబోర్డు మీద ఆగి ఉన్నాయి.

జానకిరామ్ కొడుకువైపు చూశాడు. ఈ రెండు నెలల్లో ఎన్నడూ కళ్ళు కలపనివాడు ఇప్పుడు చూపు తిప్పుకోలేదు. నేనే అబద్ధం చెప్పాను అని ఒక్కసారి అనమని, అని ఇంటికి వెళ్ళిపొమ్మని, కళ్ళతోనే బతిమాలుతున్నాడు.